లోపల కాలని ఇటుక

"నేనే చంపినాను మోహన్. ఇంక నువ్వు కనిపెట్టేదానికి ఏముండాది?"

కోమలి ఏడుస్తూ అనలేదు ఆ మాట. కాఫీ గ్లాసు బల్ల మీద పెడుతూ, ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అంది.

డిటెక్టివ్ మోహన్‌కృష్ణ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. నోరంతా చక్కెర. అతను కాఫీలో చక్కెర వేసుకోడు. ఎం.ఎస్సీ. చదివిన రెండేళ్లూ యూనివర్సిటీ క్యాంటీన్లో ఈమె ఎదురుగానే కూర్చుని చప్పటి కాఫీ తాగాడు. మూడు చెంచాల చక్కెర వేసుకునేది మునిచంద్ర. ఇన్నేళ్లుగా ఆమె చేతులు ఆ ఒక్క మనిషికే కాఫీ కలుపుతూ వచ్చాయి. ఆ మనిషి పోయాడన్న సంగతి చేతులకింకా తెలియలేదు.

మోహన్‌కృష్ణ గ్లాసు ఖాళీ చేశాడు.

కోమలి, మునిచంద్ర భార్యాభర్తలు. ఇల్లు చంద్రగిరిలో. చంద్రగిరి దాటాక చిత్తూరు రోడ్డు పక్కన ఒక షెడ్డులో పింగాణి పొడి, లోహపు పొడి కలిపి కొత్త రకం ఇటుకలు చేసి, మైక్రోవేవ్‌లతో నడిచే ఫర్నేస్‌లో కాల్చేవాళ్లు. పోయిన నెల ఒక సాయంత్రం ఆ షెడ్డు తగలబడింది. వెనక గదిలో నిద్రపోతున్న మునిచంద్ర పొగకు ఊపిరాడక, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. కోమలి ఫర్నేస్‌ను ప్రమాదకరమైన స్థితిలో వదిలేసి వెళ్లడమే కారణమని ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన డిటెక్టివ్ రూపేష్ తేల్చాడు. రేపో ఎల్లుండో పోలీసులు ఆమె మీద కేసు పెట్టబోతున్నారు.

మోహన్‌కృష్ణను పిలిపించింది కోమలి కాదు. మునిచంద్ర తల్లి అక్కమ్మ. ఐరాల నుంచి రెండు బస్సులు మారి తిరుపతిలో అతని ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. "నా కోడలు కూడు ముట్టడం ల్యా నాయనా. నేనే చంపినానంటాది. నిజమైతే నిజమని చెప్పు, కాదంటే కాదని చెప్పు. ఏదో ఒకటి తెలిస్తే ఆ బిడ్డ బతుకుతాది" అంది. కొడుకును పోగొట్టుకున్న తల్లి కోడలి కోసం అలా అడుగుతుంటే అతను కాదనలేకపోయాడు. అయినా అక్కమ్మ అడగకపోయినా తను వచ్చేవాడేనని అతనికి తెలుసు.

"ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పు కోమలీ."

"పోలీసులకు చెప్పినా. రూపేష్‌కు చెప్పినా."

"నాకు చెప్పలేదు."

ఆమె అతని వైపు చూసింది. జారిన కళ్లజోడును మణికట్టుతో పైకి తోసుకుంది. పొడి అంటిన వేళ్లతో అద్దాలు ముట్టుకోకూడదని ల్యాబ్‌లో అలవాటు చేసుకున్న పద్ధతి అది. మోహన్‌కృష్ణ తల దించుకుని తన వాచీ సరిచేసుకున్నాడు.

"ఫర్నేస్ ఎన్నింటికి వేసినావు?"

"అయిదున్నరకు. ఇటుకలు పెట్టి, తలుపు గట్టిగా బిగించి, స్విచ్ వేసినా. శబ్దం మొదలయినాకనే బయటికి వచ్చినా. చిత్తూరు బస్సు ఎక్కినా. ఆడ ఆస్పత్రిలో డాక్టరమ్మకు పాత ఇటుక ఒకటి చూపించాల్సి ఉన్నింది."

"అప్పటికి మునిచంద్ర?"

"తలనొప్పి అని మాత్ర వేసుకొని వెనక గదిలో పండుకున్నాడు. 'నేను లేచేదాకా ఆగు, ఇద్దరం కలిసి కాలుద్దాం' అన్నాడు. నేను ఆగలేదు."

"ఎందుకు?"

"ఆయన లేస్తే ఒప్పుకోడు గాబట్టి."

ఇటుక సంగతి వచ్చేసరికి ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది.

"ఉత్త పింగాణికి మైక్రోవేవ్‌లతో పనిలేదు మోహన్. కిటికీ అద్దంలోంచి ఎండ పోయినట్టు అవి దాంట్లోంచి పోతాయి. లోహపు ముక్కేమో వాటిని తిప్పికొడతాది. అదే లోహాన్ని మెత్తగా పొడిచేసి పింగాణిలో కలిపితే, అప్పుడు తాగేస్తాది. తాగిందంతా వేడయితాది. మామూలు బట్టీలో సెగ బయటినుంచి లోపలికి పోతాది గదా, ఇందులో అట్ల కాదు. వేడి లోపలే పుడతాది. ఇటుక నడిమధ్య ముందు గట్టిపడతాది, పైపొర ఆఖర్న."

"అయితే గొడవ దేనికి?"

"నికెల్ పొడి ఎంత కలపాలని. జాస్తి వేస్తే రేణువుకు రేణువు తగిలి వేడి గబగబా పైకి పారతాది. తగ్గిస్తే లోపలే నిలిచి మెల్లమెల్లగా బయటికి వస్తాది. నాకు మెల్లగా రావాల. ఇది నెలలు నిండని బిడ్డల ఊయలలో, పక్కగుడ్డ కింద వేడిచేసి పెట్టే ఇటుక. ఊళ్లోంచి ఆస్పత్రికి పోయేదాకా బిడ్డ సల్లబడకుండా కాపాడాల. చర్మం కమిలిపోకూడదు." ఆమె ఖాళీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "మా పాప ఏడో నెలలో పుట్టింది. ఐరాల నుంచి చిత్తూరుకు పోయేలోపల నా చేతుల్లోనే సల్లబడిపోయింది. ఆ తర్వాతే ఆయన ఈ షెడ్డు పెట్టినాడు."

ఈ సంగతి మోహన్‌కృష్ణకు తెలియదు. తిరుపతికీ చంద్రగిరికీ మధ్య ఉన్నది ఎంత దూరమని! వాళ్ల పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో అతను ఈ గడప తొక్కలేదు. వస్తే ఆ ఇద్దరినీ ఒకచోట చూడాలి. చూసి నవ్వాలి. అది చేతకాక రాలేదు. వాళ్లకు ఒక పాప పుట్టిందని, పోయిందని కూడా తెలుసుకోలేదు.

"లోపల వేడి నిలిస్తే ఇటుక పగులుతాదని ఆయన చెప్తానే ఉన్నాడు" అంది కోమలి. "నేను వినలేదు. నా కొలతతో పోసినవే పెట్టినా. అవి పగిలి, ముక్కలు ఎగిరి, పక్కనున్న థిన్నర్ డబ్బాలు అంటుకున్నాయి. రూపేష్ రాసింది నిజమే."

"నువ్వు పోయినాక ఫర్నేస్ నడస్తా ఉన్నిందని ఎవరన్నా చూసినారా?"

"నేను చూసినా నాయనా."

గుమ్మంలోంచి జవాబు వచ్చింది. అరవై దాటిన పొడుగాటి మనిషి, భుజం మీద తువ్వాలు, చేతిలో కోమలి కోసం తెచ్చిన అన్నం క్యారియర్. మునిచంద్ర చిన్నాయన పరంధామయ్య. షెడ్డు ఉన్న నేల ఆయనదే. మునిచంద్ర పోయినప్పటినుంచి ఈ ఇంటికి కావలసినవన్నీ ఆయనే చూసుకుంటున్నాడు.

"ఏడింటికి మామిడితోట కాడినుంచి వస్తా షెడ్డులోకి తొంగిచూసినా. గుయ్యిమని శబ్దం. ఫర్నేస్ అద్దంలో ఎర్రగా వెలుగు. బిడ్డ పనిలో ఉండాదిలే అనుకొని ఎల్లిపోయినా. అరగంటకు మంటలని కబురు. ఒక్క అడుగు లోపలికి వేసుంటే మావాడు బతికేవాడు గదా!" తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

"మామ రోజూ ఇట్లే బాధపడతాడు" అంది కోమలి.

మోహన్‌కృష్ణకు ఆ ముసలాయన మీద చిన్న అసూయ కలిగింది. ఆయనకు ఈ ఇంట్లో ఉండే హక్కుంది. ఆమెకు క్యారియర్ తెచ్చే హక్కుంది.

"అక్కమ్మ గారు లేరా?"

"పొద్దున ఐరాలకు పోయింది. రెండు దినాలకు వస్తాది" అన్నాడు పరంధామయ్య.

గేటు దాకా కోమలి వెంట వచ్చింది. గడియ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"మోహన్, ఒక్కటి చెప్పు. పొగతో పోయినోళ్లకు నొప్పి తెలుస్తాదా?"

"తెలియదు. నిద్రలోనే పోయినాడు. పోస్టుమార్టం రిపోర్టు నేను చదివినా."

ఆమె తలూపింది. ఇంకేదో చెబుతాడని కాసేపు నిలబడింది. అతనికీ చెప్పాలనే ఉంది. బైక్ స్టార్ట్ చేశాడు.

*

షెడ్డు ముందు తెల్లకారు ఆగి ఉంది. కారుకు ఆనుకుని రూపేష్ ఫోన్ చూసుకుంటున్నాడు. నాలుగేళ్లు మోహన్‌కృష్ణ దగ్గర పని నేర్చుకుని, చిత్తూరులో సొంత ఏజెన్సీ పెట్టుకున్నాడు.

"రాన్నా, రా! నా రిపోర్టు మీదకు నిన్ను తోలినారంటనే?"

"ఫర్నేస్ చూడాల."

"చూడు. ముట్టుకోవద్దు. రేపు సీలు వేస్తారు." రూపేష్ వెంట నడుస్తూ గొంతు తగ్గించాడు. "అప్పట్లో నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కన కూర్చున్నది నేనే. జ్వరంలో ఓ పేరు కలవరించేవాడివి. కోమలి మేడం స్టేట్‌మెంట్ తీసుకునేటప్పుడు గుర్తొచ్చింది. ఆ పేరేనా అన్నా ఇది?"

మోహన్‌కృష్ణ ఆగలేదు. వంగిపోయిన రేకుల కిందుగా లోపలికి దూరాడు. ముఖం రూపేష్‌కు కనబడకపోవడమే మేలనిపించింది.

ఫర్నేస్ బీరువా అంత ఇనప పెట్టె. మసిబారింది గానీ నిలబడే ఉంది. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. లోపల ఆరు ఇటుకలు. నాలుగు పగిలాయి, రెండు పగలకుండా నిలిచాయి.

"చూసినావా?" అన్నాడు రూపేష్. "నికెల్ తగ్గించింది. లోపల వేడి పేరుకునింది. ఇటుకలు పగిలి తలుపును తన్నినాయి. మంట బయటికి వచ్చింది. ఇంకేం కావాల?"

"తలుపు లోపలినుంచి తన్నుకుని తెరుచుకుంటే గడియ వంగాల గదా. చూడు." మోహన్‌కృష్ణ టార్చి వేశాడు. గడియ తిన్నగా ఉంది. కొక్కెం మీద గీతైనా లేదు. "తన్నుకుని కాదు. ఎవరో తీసినారు."

"ఆమే సరిగ్గా వేసుండదు."

"తలుపు పడకుంటే మైక్రోవేవ్ మొదలే కాదు. నీ ఇంట్లో ఓవెన్ అయినా అంతే. శబ్దం విన్నాకనే పోయినానని ఆమె చెప్పింది."

రూపేష్ పెదవి విరిచాడు. "పగుళ్లకేమంటావు?"

"ఫైరింజన్ నీళ్లు కొట్టిందా?"

"కొట్టింది."

"తలుపు తెరిచి ఉండాది. కాలిన పింగాణి మీద సల్లటి నీళ్లు పడినాయి. పగలక ఏం చేస్తాది?"

మోహన్‌కృష్ణ బయటికి వచ్చి వెనక గోడ దగ్గరకు నడిచాడు. ఫర్నేస్‌కు కరెంటు ఇచ్చే మెయిన్ స్విచ్ అక్కడే, గోడకు బిగించిన ఇనప డబ్బాలో ఉంది. మంట ఇటు రాలేదు. డబ్బా తలుపు తీశాడు. స్విచ్ పిడి పూర్తిగా కిందికి ఉంది.

"మంటలకు వైర్లు కలిసి తనంతట తానే ట్రిప్ అయింది" అన్నాడు రూపేష్ వెనకనుంచి.

"ట్రిప్ అయితే ఈ రకం స్విచ్‌లో పిడి నడిమధ్యలో నిలుస్తాది. ఇది అడుగుదాకా ఉండాది. చేత్తో దించినారు."

"ఫైర్ వాళ్లు దించుంటారు."

"దించుండొచ్చు. అందుకనే ఇటుకను అడుగుదాం."

"ఇటుకనా?"

"పగలని రెండిట్లో ఒకటి పగలగొడదాం."

"కుదరదన్నా. అది సాక్ష్యం."

"నేను ముట్టుకోను. నువ్వే పగలగొట్టు, నీ ఫోన్లోనే వీడియో తీసుకో. ఇంకొకటి ముట్టకుండా పోలీసులకు వదిలెయ్. ఫర్నేస్ ఏడు దాకా నడిచుంటే, ఇటుక లోపల రాయి మాదిరి గట్టిగా ఉండాల. అట్ల ఉంటే నీ రిపోర్టు కింద నేనే సంతకం పెడతా. 'కోమలి నిర్లక్ష్యంతోనే జరిగింది' అని రాసి మరీ పెడతా."

రూపేష్ అతని ముఖంలోకి చూశాడు. ఎగతాళి తగ్గింది. "ఓడిపోతే ఆ మాట ఆమెకు నువ్వే చెప్పాల అన్నా. తట్టుకోగలవా?"

"పగలగొట్టు."

రూపేష్ ఫోన్‌ను కిటికీ చట్రానికి ఆనించి వీడియో పెట్టాడు. కారులోంచి సుత్తి తెచ్చాడు. ఇటుకను బండ మీద నిలబెట్టి ఒక దెబ్బ కొట్టాడు. పగలలేదు. రెండో దెబ్బకు సగానికి విడిపోయింది.

మోహన్‌కృష్ణ మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైపొర వేలి మందాన నల్లగా, అక్కడక్కడ పాచిరంగులో కాలి గట్టిపడింది. దాని లోపల అంతా లేత బూడిదరంగు.

"గోటితో గీకు" అన్నాడు.

రూపేష్ గీకాడు. గోటి కింద పొడి రాలింది. మళ్లీ గీకాడు. తడి ఆరిన పిండిముద్దలా పొడిపొడిగా రాలుతూనే ఉంది.

మోహన్‌కృష్ణ ఒక ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొడి విడిపోకుండా కలిపే బంక వాసన. నిప్పు తగిలితే మొదట ఎగిరిపోయేది అదే. అది ఇంకా అలాగే ఉంది. ఒకప్పుడు ల్యాబ్ నుంచి హాస్టల్ దాకా కోమలి పక్కన నడుస్తుంటే ఆమె చేతుల నుంచి వచ్చిన వాసన అది. కళ్లు మూసుకుంటే ఆ దారి, ఆమె మాట, రెండు అడుగులు ముందు మునిచంద్ర నవ్వు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. అతను ముక్కను మెల్లగా బండ మీద పెట్టాడు.

"లోపల పచ్చిగా ఉండాది" అన్నాడు రూపేష్, తనలో తను అనుకున్నట్టు.

"పైన కాలింది, లోపల కాలలేదు. అంటే వేడి బయటినుంచి వచ్చింది. మైక్రోవేవ్ నడిచుంటే దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండాల. నికెల్ తక్కువ గాబట్టి షెడ్డులో మంట వేడి లోపలికి పారలేదు. ఆమె కొలత తగ్గించినందువల్లనే మనకీ పచ్చిదనం మిగిలింది."

"అంటే, ఆమె బస్సెక్కినాక ఎవరో వచ్చి..."

"మెయిన్ దించినారు. కరెంటంటే, ఆ మిషనంటే భయం ఉన్న మనిషి. దించినాకనే తలుపు తీసే ధైర్యం వచ్చింది. మంట ఫర్నేస్‌లోంచే వచ్చినట్టు కనబడాలని తలుపు బార్లా తీసి, థిన్నర్ పోసి అంటించినాడు. వెనక గదిలో మునిచంద్ర పండుకున్నాడని తెలిసే చేసినాడో, తెలియక చేసినాడో."

రూపేష్ సుత్తి కింద పెట్టాడు. "కాసేపు నడిచినాక ఆపుంటే?"

"బంక వాసన చూడు. కొద్దిసేపు నడిచినా నడిమధ్యలో బంక ఉండదు. ఆమె అటు పోయింది, వాడు ఇటు వచ్చి ఆపినాడు, చీకటి పడినాక అంటించినాడు."

మోహన్‌కృష్ణ లేచి నిలబడ్డాడు. ఆమె చంపలేదు. ఆమె కొలత చంపలేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోతున్న మనిషికి ఈ ఒక్క మాట చెప్పాలి. పద్దెనిమిదేళ్లలో ఆమెకు ఇవ్వడానికి అతని దగ్గర ఏమీ లేకపోయింది. ఇవాళ ఉంది. రోడ్డు వైపు నడుస్తూ ఫోన్ తీశాడు.

వెనకనుంచి రూపేష్ ఏదో అంటున్నాడు. అతనికి వినబడలేదు.

"కోమలీ!"

"ఏంది మోహన్?"

"ఇటుక పగలగొట్టి చూసినాం. లోపల పచ్చిగా ఉండాది. బంక గూడా కాలలేదు."

ఆమెకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఆ మాటకు అర్థం ఆమెకంటే తెలిసినవాళ్లు లేరు.

"ఇంకోసారి చెప్పు" అంది.

"ఫర్నేస్ నడవనే లేదు. నువ్వు ఏమీ చెయ్యలేదు కోమలీ. మంట ఎవరో పెట్టినారు."

ఆమె ఏడ్చింది. ఇన్నాళ్లూ లోపల ఎక్కడో ఆగిపోయిన ఏడుపంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే చిన్న నవ్వు. మోహన్‌కృష్ణ ఎండలో నిలబడి ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకున్నాడు.

"అన్నా!" రూపేష్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఫోన్లో పరంధామయ్య స్టేట్‌మెంట్ తెరిచి అతని కళ్ల ముందు పెట్టాడు. "ఫర్నేస్ నడవకుంటే, ఏడింటికి శబ్దం ఎట్ల విన్నాడన్నా ఆయన? ఎర్రటి వెలుగు ఎట్ల చూసినాడు? ఈ నేల మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి ఇచ్చేస్తానని ఆయన, ఖాళీ చెయ్యనని మునిచంద్ర, ఆర్నెల్లుగా గొడవ. ఊళ్లో చెప్పినారు. నేనే పట్టించుకోలేదు."

అదే క్షణంలో ఫోన్లో కోమలి గొంతు వినిపించింది. కానీ అతనితో కాదు. పక్కనున్న మనిషితో.

"మామా! ఫర్నేస్ నడవలేదంట! ఇటుక లోపల పచ్చిగా ఉండాదంట మామా! నేను కాదు! ఎవరో మంట పెట్టినారంట!"

"కోమలీ, ఆ మాట చెప్పొద్దు! ఇంట్లోంచి బయటికి రా! కోమలీ!"

ఫోన్ చేతులు మారిన చప్పుడు.

"నాయనా మోహనా!" పరంధామయ్య గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "మంచి మాట చెప్పినావు. బిడ్డ ముఖంలో ఇన్నాళ్లకు నవ్వు చూసినా. అక్కమ్మకు గూడా ఈ సంగతి చెప్పాల గదా. నేనే కారులో ఐరాలకు తోడుకొని పోతా."

"పరంధామయ్యా, ఆమెను ముట్టుకున్నావంటే..."

అవతలివాడు వినలేదు. ఫోన్ పెట్టేశాననుకుని జేబులో వేసుకుని ఉంటాడు. లైను తెగలేదు. చెప్పుల చప్పుడు, గేటు గడియ తీసిన చప్పుడు. రూపేష్ అప్పటికే కారు తిప్పి తలుపు తెరిచి పట్టుకున్నాడు. రెండో ఫోన్లో పోలీసులకు చిరునామా అరుస్తున్నాడు. మోహన్‌కృష్ణ ఫోన్ చెవినుంచి తీయకుండానే కారులోకి దూకాడు. వాళ్లు చంద్రగిరి చేరాలంటే ఎంత వేగంగా పోయినా పావుగంట.

ఫోన్లో ఎక్కడో దూరంగా కారు డోరు పడింది. కోమలి గొంతు తేలికగా, ఆశగా, క్యాంటీన్ బల్ల దగ్గర మాట్లాడిన రోజుల్లో ఉన్నట్టే ఉంది.

"మోహన్ గూడా వస్తాడా మామా?"

"రాడమ్మా" అన్నాడు పరంధామయ్య.

ఇంజను స్టార్టయింది. లైను తెగిపోయింది.